అడ్డపొగ – అంగిలిలోని తాళపత్రాలు

విశాఖపట్టణం రేవు విడిచి భీమునిపట్టణం మీదుగా, శ్రీకాకుళం జిల్లా తీరం వెంట ఇచ్ఛాపురం వరకు సాగే పల్లెలలో ఒక వింత అలవాటు తరతరాలుగా ఉన్నది. చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకొని, పెదవులు బిగించి పొగ పీల్చడం ఆ అలవాటు. దీనిని అక్కడివారు అడ్డపొగ అంటారు. త్రాగేవారిలో మగవారు లేకపోలేదు గాని స్త్రీలే ఎక్కువ. అందులోను నడివయస్సు దాటినవారు. చేతులు రెండూ పనిలో ఉండగా చుట్ట నోటనే ఉంటుంది. పైనుంచి చూచేవారికి నిప్పు కనబడదు. వెనుకటి కాలంతో పోలిస్తే ఈ అలవాటు తగ్గినమాట నిజమే గాని పూర్తిగా పోలేదు.

ఇది ఎట్లు పుట్టినదో చెప్పే కథలు అనేకం. పడవమీద ఉప్పుగాలికి, తుంపరకు నిప్పు ఆరిపోకుండా జాలరులు కనిపెట్టిన ఉపాయమని కొందరంటారు. చంకన బిడ్డ ఉన్నప్పుడు నిప్పు తగలకుండా తల్లులు ఇట్లు త్రిప్పి పెట్టుకొన్నారని మరికొందరంటారు. వీనిలో ఏది నిజమైనా కావచ్చును. తల్లి త్రాగగా కూతురు చూచి నేర్చినది అన్న సమాధానమే నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. అలవాట్లకు అంతకంటె పెద్ద కారణం సాధారణంగా ఉండదు.

మనిషి దేహంలోని జీవకణం ఎందుకు ముసలిదవుతుంది, ఎప్పుడు అదుపు తప్పుతుంది అన్న ప్రశ్న నేటి జీవశాస్త్రంలో పెద్ద ప్రశ్న. దానికి ఉదాహరణలు వెదకుతూ మనం సీమల వైపు చూడనక్కరలేదు. ఈ తీరపు అవ్వల అంగిళ్లలోనే ఆ కథ యావత్తు జరుగుతున్నది.

వైద్యులు దీనిని చాలాకాలం క్రిందటనే గమనించారు. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రిలో రోగవిజ్ఞానవేత్తగా ఉండిన వి. ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయితో కలిసి 1945లో ప్రకటించిన వ్యాసంలో, అలవాట్ల మూలంగా మనదేశంలో వచ్చే మూడు క్రొత్త రకాల రాచపుండ్లను వర్ణించారు. వానిలో ఒకటి చుట్టవల్ల వచ్చేది. లోకంలో మరెక్కడా గట్టి అంగిలిమీద ఇంత తరచుగా రాచపుండు కనబడదు. పొగత్రాగేవారికి అది పెదవిపైనో, నాలుకపైనో, ఊపిరితిత్తులలోనో వస్తుంది. తరువాత విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాల పరిశోధకులు 1970 దశకంలో ఈ వ్యాధిపై వరుసగా వ్యాసాలు ప్రకటించారు. డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, మన మెహతా మొదలైనవారు శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికి తిరిగి 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు వెల్లడించారు. అడ్డపొగ త్రాగేవారి అంగిలిపై తెల్లని గట్టి పొరలు, బొడిపెలు, ఎర్రని మచ్చలు, రంగు పోయిన పాలిపోయిన చోట్లు, పుండ్లు కనబడినాయి. చుట్ట కాలేటప్పుడు నోటిలోని గాలి 120 డిగ్రీల సెంటిగ్రేడు వరకు, అంగిలి పొర 58 డిగ్రీల వరకు వేడెక్కినట్లు అంతకుముందే కొందరు కొలిచి చూచారు. కాచిన నీటిలో చేయి ముంచినవారు ఆ 58 డిగ్రీలు ఎట్టివో ఊహించుకోగలరు.

ఇవి కంటికి కనబడే సంగతులు. కనబడని సంగతి కణం లోపల ఉన్నది.

ప్రతి కణకేంద్రంలోను 46 వర్ణసూత్రాలు ఉంటాయని విద్యార్థులు ఎరుగుదురు. వానిలో ఉన్నది డి. ఎన్. ఏ. అనే పొడవైన జంటపోగు. దీనిని నాలుగే అక్షరాలతో వ్రాసిన గ్రంథంగా భావించవచ్చును. తల్లినుంచి వచ్చిన ప్రతిలో సుమారు 320 కోట్ల అక్షరాలు, తండ్రినుంచి వచ్చిన ప్రతిలో దాదాపు అన్ని. ఒక కణంలోని పోగులన్నీ విప్పి కొసకు కొస కలిపితే దాదాపు రెండు మీటర్లు. అది ఇమిడే కేంద్రకం మిల్లీమీటరులో నూరవ వంతు కూడా ఉండదు. రేవులో ఓడలను కట్టే మోకులను చుట్టలు చుట్టి పెట్టడం చూచినవారికి ఈ అమరికను ఊహించడం కష్టం కాదు. హిస్టోనులనే మాంసకృత్తుల చిన్న ఉండలచుట్టూ పోగు చుట్టుకొని ఉంటుంది. ఒక్కొక్క ఉండకు 147 అక్షరాల పొడవు. ఆ చుట్టలు మళ్లీ మడతలు పడతాయి.

ఈ చుట్టడం కేవలం చోటు కలిసిరావడానికే కాదు. వదులుగా ఉన్న భాగాన్ని కణం చదువగలదు. బిగించి కట్టిన భాగాన్ని చదువలేదు. అంగిలి కణంలోను, కంటి కణంలోను, గుండె కణంలోను ఉన్న గ్రంథం ఒక్కటే. ఏ ఆకులు విప్పి ఉన్నవి, ఏవి దారంతో కట్టివేసి ఉన్నవి అన్నదే భేదం. అంగిలి కణం చదివే ఆకులు కొన్నే: కొమ్ములకు, గోళ్లకు ఆధారమైన కెరాటిన్ ఎంత చేయవలెనో చెప్పేవి అందులో ముఖ్యమైనవి. నిప్పు పక్కన ఉన్నప్పుడు కణం ఆ ఆకులను మరింత తరచుగా చదువుతుంది. అంగిలిమీద తెల్లగా గట్టిపడే పొర ఆ చదువు ఫలితమే. వయస్సు మళ్లినకొద్దీ ఈ కట్లు సడలి, విప్పకూడని ఆకులు విప్పబడి, కణం తాను ఏ పనికి పుట్టినదో కొంత మరచిపోతుంది.

ఇక గ్రంథాన్ని వ్రాసుకొనే సంగతి. అంగిలి పొర రోజూ రాలిపోతూ, అడుగు వరుసలోని కణాలు చీలి క్రొత్తవి పైకి వస్తూ ఉంటాయి. కణం చీలేముందు గ్రంథమంతా ప్రతి వ్రాయవలెను. ఒకచోట మొదలుపెట్టి చివరిదాకా పోతే నెలలు పడుతుంది కనుక, వేలాది చోట్ల ఒకేసారి వ్రాత మొదలవుతుంది. ఆ విధంగా పని సుమారు 8 గంటలలో ముగుస్తుంది. మన పూర్వులు తాటాకులపై ప్రతులు వ్రాయించిన తీరు తెలిసినవారికి లేఖకదోషమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఎంత శ్రద్ధగల లేఖకుడైనా ఒక అక్షరం విడుస్తాడు, ఒకటి రెండుమార్లు వ్రాస్తాడు, పై పంక్తి నుంచి క్రింది పంక్తికి జారుతాడు. పుష్పికలో తప్పులు మన్నించుమని వేడుకొంటాడు. కణంలోని లేఖకుడు, అనగా పాలిమరేజ్ అనే మాంసకృత్తు, తొలి వ్రాతలో సుమారు లక్ష అక్షరాలకు ఒక తప్పు చేస్తుంది. వెనువెంటనే తానే వెనుకకు జరిగి దిద్దుకొంటుంది. ఆపైన వేరొక పరిష్కర్తల బృందం వచ్చి మిగిలినవానిని వెదకుతుంది. ఈ రెండు దిద్దుబాట్ల తరువాత నూరు కోట్ల అక్షరాలకు ఒక తప్పు మిగలవచ్చును. మన అచ్చుకూటాల సంగతి తెలిసినవాడిగా చెబుతున్నాను, ఇది అసూయపడదగిన లెక్క.

వ్రాసేటప్పుడు పడే తప్పులు ఒక ఎత్తు. వ్రాసిపెట్టిన ఆకులకు కలిగే హాని మరొక ఎత్తు. పురుగు, చెమ్మ, మసి తాటాకును తినివేసినట్లు, వట్టి నీరు, వేడి, ప్రాణవాయువు కూడా డి. ఎన్. ఏ.ను కొరుకుతాయి. ఒక్కొక్క కణంలో రోజుకు సుమారు పదివేల చోట్ల అక్షరాలు తమంతట తామే ఊడిపోతాయి. ఇంత హాని జరుగుతూ ఉంటే ప్రాణం నిలవడమెట్లా అని ఆలోచించిన థామస్ లిండాల్ మరమ్మతు చేసే వ్యవస్థ ఒకటి ఉండి తీరవలెనని గ్రహించి దానిని కనిపెట్టారు. పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్ అనేవారితో కలిసి ఆయనకు 2015లో నోబెల్ బహుమానం లభించినది.

పొగ చేసే పని ఇక్కడ గ్రహించవలెను. చుట్ట పొగలో బెంజోపైరీన్ అనే పదార్థం ఉన్నది. ఇది తారులోని విషం. 1775లోనే లండనులో పెర్సివల్ పాట్ పొగగొట్టాలు ఊడ్చే కుర్రవాళ్లకు మసివల్ల రాచపుండు వస్తున్నదని వ్రాశారు. 1915లో జపానులో యమగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి పుండ్లు పుట్టించారు. తారులోనుంచి ఈ పదార్థాన్ని వేరుచేసినట్లు లండను పరిశోధకులు ప్రకటించినది 1933లో. విశాఖ రేవును విల్లింగ్డన్ ప్రారంభించినదీ ఆ సంవత్సరమే. ఆ రేవు ద్వారా తరువాతి కాలంలో ఓడల కొద్దీ బొగ్గు దిగినది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారానికి కోక్ కావలెను. గాలి తగలకుండా బొగ్గును వేయి డిగ్రీలకు పైగా కాల్చి కోక్ చేస్తారు. ఏ దేశంలోనైనా కోక్ ఓవెన్ల వద్ద తప్పించుకొన్న ఆవిరిలో ఈ బెంజోపైరీన్ ఉంటుంది. అందువల్లనే అంతర్జాతీయ సంస్థలు కోక్ తయారీని రాచపుండు కలిగించే పనులలో చేర్చినాయి. అక్కడ పనిచేసేవారికి ముసుగులు, తలుపుల బిగింపులు, వైద్య పరీక్షలు నిర్బంధమయినాయి. కర్మాగారంలో ఇంత జాగ్రత్తతో దూరంగా ఉంచవలసిన పదార్థాన్ని పల్లెలోని అవ్వ నాలుకకు, అంగిలికి మధ్య ఏ ముసుగూ లేకుండా పెట్టుకొంటున్నది.

బెంజోపైరీన్ తనంతట తాను గొప్ప హాని చేయదు. నీటిలో కరగని ఈ పదార్థాన్ని కరిగేటట్లు చేసి బయటకు పంపవలెనని కణమే ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నంలో అది మరింత చురుకైన రూపం పొంది, డి. ఎన్. ఏ.లోని గ్వానిన్ అనే అక్షరానికి అతుక్కొంటుంది. ఇల్లు శుభ్రం చేయబోయి దీపం తన్నిన సామెత వంటిది. మరమ్మతుదార్లు వచ్చి ఆ భాగాన్ని కత్తిరించి సరిచేస్తారు. అంతలోగానే ప్రతి వ్రాసే వేళ వస్తే లేఖకుడు ఆ మసిపడిన అక్షరాన్ని మరొక అక్షరంగా చదువుతాడు. అప్పటినుంచి ఆ తప్పు తప్పుగా కాక అసలు పాఠంగానే వంశంలో నిలిచిపోతుంది.

అడ్డపొగ విశేషం ఇక్కడ ఉన్నది. వేడికి అంగిలి పొర చచ్చిపోతుంది. చచ్చినదానిని భర్తీ చేయడానికి అడుగు కణాలు మామూలుకంటె త్వరగా చీలవలెను. అనగా మసి ఎక్కువ పడుతున్న ఆకులనే మరింత తొందరగా ప్రతి వ్రాయవలెను; దిద్దుబాటుకు వ్యవధి తక్కువ. విషం ఒక్కటే అయితే కొంత, వేడి ఒక్కటే అయితే కొంత. రెండూ ఒకే చోట, ఏండ్ల తరబడి కలిసినప్పుడు ఫలితం వేరు.

ఈ హానిని కంటితో చూడవచ్చును. పాఠశాల ప్రయోగశాలలో బుగ్గ లోపలి పొరను మెల్లగా గీకి, రంగువేసి సూక్ష్మదర్శినిలో చూడటం ఉపాధ్యాయులకు పరిచితమే. ఒక కణానికి ఒక కేంద్రకం కనబడవలెను. కణం చీలేటప్పుడు తెగిన వర్ణసూత్రపు ముక్క ఏ ప్రక్కకూ చేరక మధ్యలో చిక్కుపడితే, అది ప్రక్కన చిన్న చుక్కవలె వేరే కేంద్రకమవుతుంది. దానిని సూక్ష్మకేంద్రకమంటారు. కెనడా శాస్త్రజ్ఞుడు స్టిక్, మన దేశపు సహచరులతో కలిసి 1992లో ప్రకటించిన పరిశోధనలో, అడ్డపొగ త్రాగేవారి నోళ్లలోను, పొగాకు నమిలేవారి నోళ్లలోను పొగాకు తాకిడి తగిలే చోటనే ఇట్టి చుక్కలు అధికంగా ఏర్పడుతున్నవని చూపించారు. ఒకే నోటిలో ఒకచోట గ్రంథం చిరిగి ఉన్నది, రెండంగుళాల దూరంలో చెక్కుచెదరక ఉన్నది.

మరి ఇన్ని తప్పులు పోగుపడినప్పుడు కణం ఏమి చేస్తుంది? మూడు త్రోవలున్నాయి. మొదటిది చావు. రెండవది చీలడం మానుకోవడం. మూడవది రాచపుండు.

రెండవ త్రోవను మనం వార్ధక్యమంటున్నాము. కోడిపిల్ల గుండె కణాలు పాత్రలో శాశ్వతంగా పెరుగుతవని అలెక్సిస్ కారెల్ చెప్పిన మాటను లోకం చాలాకాలం నమ్మినది. 1961లో లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనేవారు మనిషి కణాలు సుమారు 50 మార్లు చీలి ఆగిపోతున్నవని నిరూపించారు. కారణం వర్ణసూత్రపు కొసలలో ఉన్నది. తాటాకు కట్టకు పైన క్రింద చెక్కలు, వాని లోపల వ్రాతలేని ఖాళీ ఆకులు ఉంచుతారు. నలిగేవి ముందుగా అవే. వర్ణసూత్రపు కొసలలోను అర్థంలేని అక్షరాల వరుస వేలాది మార్లు తిరిగి తిరిగి ఉంటుంది. లేఖకుని చేతికి ఆనుకొనే చోటు కావలసి ఉన్నందున చిట్టచివరి భాగం ప్రతిసారి వ్రాయబడక మిగిలిపోతుంది. చీలినప్పుడల్లా 50 నుంచి 100 అక్షరాలు తరుగుతాయి. కొస మరీ పొట్టిదయినప్పుడు కణం దానిని తెగిన పోగుగా భావించి చీలిక ఆపివేస్తుంది. ఈ కొసలను తిరిగి పెంచే టెలోమరేజ్ అనే మాంసకృత్తును కనిపెట్టిన ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్‌లకు, జాక్ షోస్టాక్‌తో పాటు 2009లో నోబెల్ బహుమానం వచ్చినది.

ఆ టెలోమరేజ్ మనలో అన్ని కణాలకు ఉంటే ముసలితనమే ఉండదు గదా అని విద్యార్థి అడుగవచ్చును. మంచి ప్రశ్న. రాచపుండు కణాలలో అధిక భాగం చేసేది సరిగా అదే: మూతపెట్టి ఉంచిన టెలోమరేజ్‌ను తిరిగి తెరుచుకొంటాయి, చావు మరచిపోతాయి. కనుక చీలిక ఆగడమన్నది దేహం పెట్టుకొన్న కాపలా. తప్పులు నిండిన ప్రతిని మళ్లీ ప్రతి వ్రాయనీయకుండా గ్రంథాలయానికి తాళం వేయడం వంటిది. ఆ తాళం వేసేవారిలో పి-53 అనే మాంసకృత్తు ముఖ్యమైనది. చుట్ట, బీడీ, సిగరెట్టుల రాచపుండ్లలో ముందుగా చెడిపోయేవానిలో దాని జన్యువు ఒకటి కావడం యాదృచ్ఛికం కాదు. అయితే ఈ కాపలాకు ఖర్చు ఉన్నది. ఆగిపోయిన కణాలు ఊరకుండవు. ఇరుగుపొరుగు కణాలకు వాపు కలిగించే ద్రవ్యాలు విడుస్తాయి. ముసలి చర్మం పలుచబడటం, పుండు ఆలస్యంగా మానటం కొంతవరకు వానివల్లనే.

తప్పుల పోగుకు, ఆయువుకు ఉన్న సంబంధాన్ని తేటపరచిన పరిశోధన ఒకటి ఇంగ్లండులో జరిగి 2022లో వెలువడినది. 16 జాతుల క్షీరదాల పేగు కణాలలో ఏటా ఎన్ని క్రొత్త తప్పులు చేరుతున్నవో లెక్కించారు. ఎలుకలో ఏడాదికి సుమారు 800, మనిషిలో 47. ఎలుక మూడు నాలుగేండ్లకే చస్తుంది, మనిషి ఎనభై ఏండ్లు బ్రతుకుతాడు. ఆయువు చివర రెండింటిలోను పోగుపడిన తప్పుల మొత్తం ఇంచుమించు సమానం! తప్పులే వార్ధక్యానికి ఏకైక కారణమని దీనివల్ల తేలదు. కాని నిదానంగా తప్పులు చేసే జాతి నిదానంగా ముసలిదవుతున్నదని మాత్రం ఒప్పుకోక తప్పదు.

చీలని కణాల సంగతి వేరు. మెదడులోని నాడీకణం పుట్టిన తరువాత ఇక ప్రతి వ్రాయదు. ఉన్న ఒక్క ప్రతితోనే డెబ్బది ఎనుబది ఏండ్లు నడుపుకోవలెను. దానికి దిక్కు మరమ్మతు ఒక్కటే. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు దీర్ఘకాలం పరిశోధించిన విషయం ఇదే. పసి, నడివయస్సు, ముసలి ఎలుకల నాడీకణాల సారం తీసి, డి. ఎన్. ఏ.లోని చిన్న ఖాళీలను అవి ఎంతవరకు పూరించగలవో చూచారు. ముసలి ఎలుకలలో ఆ శక్తి క్షీణించినది. పాలిమరేజ్-బీటా, లైగేజ్ అనే రెండు మాంసకృత్తులను బయటనుంచి చేర్చగా ఆ శక్తి తిరిగి వచ్చినట్లు 2005లో ఆయన బృందం ప్రకటించినది. ముసలి కణంలో గ్రంథం మాత్రమే చెడలేదు, గ్రంథాన్ని బాగుచేసే పనివాళ్లు తగ్గిపోయినారు అన్నమాట.

తిరిగి తీరానికి వద్దాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు అడ్డపొగ త్రాగే గ్రామస్థులకు ఏడాదిపాటు ఎ విటమిను, రైబోఫ్లేవిను, జింకు, సెలీనియం ఇచ్చి చూచి 1995లో ఫలితాలు ప్రకటించారు. సూక్ష్మకేంద్రకాలు తగ్గినాయి, డి. ఎన్. ఏ.కు అతుక్కొన్న మసి తగ్గినది; అనేకుల అంగిలి మచ్చలు మాసినాయి. సంతోషకరమైన ఫలితమే. కాని దీనిని చూచి మాత్రలు మ్రింగుతూ చుట్ట కాల్చవచ్చునని ఎవరైనా అనుకొంటే ప్రమాదం. ఫిన్లండులో పొగత్రాగేవారికి బీటా కెరోటిన్ ఇవ్వగా ఊపిరితిత్తుల రాచపుండు తగ్గకపోగా పెరిగినదని 1994లోనే తేలినది.

అంతకుముందే టాటా పరిశోధన సంస్థవారు మరింత చవకైన చికిత్స చేసి చూచారు. శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడేవారిని ఎన్నుకొని, ఇంటికి వెళ్లి మాట్లాడారు, సినిమాలు చూపారు, అంగిలిమీద మచ్చ చూపించి ఇది దీనివల్ల వచ్చినదని చెప్పారు. అట్లు చెప్పినచోట అలవాటు మానినవారు ఎక్కువయినారు, క్రొత్త మచ్చలు తగ్గినాయి. 1986లో ఈ వివరాలు అచ్చయినాయి. అలవాటు మానిన కొన్ని వారాలలోనే పై పొర రాలి క్రొత్త పొర వస్తుంది. అడుగు వరుసలోని మూలకణాలు మాత్రం పాత పాఠభేదాలను అట్లే ఉంచుకొంటాయి. అందుచేత చుట్ట మాని ఏండ్లయిన అవ్వ కింగ్ జార్జి ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రికో వచ్చినప్పుడు కూడా వైద్యుడు ఆమెను నోరు తెరువుమని, తల వెనుకకు వాల్చుమని, అంగిలిపై దీపం వేసి చూస్తాడు.